పటం తిప్పి చూస్తే తప్పా?
(ఆడపిల్లలు – మగపిల్లలు – దారి తెలుసుకునే నేర్పు)

పదో తరగతి సాంఘిక శాస్త్రం పరీక్ష దగ్గర పడుతుందనగా ప్రతి ఏడూ ఒక మాట వింటున్నాము. "మ్యాప్ పాయింటింగ్ ఆడపిల్లలకు రాదులే, ఆ మార్కులు వదిలేసి మిగతావి చదువుకోండి" అని. ఈ మాట అనేది మగపిల్లలు మాత్రమే కాదు. ఆడపిల్లలు తమ గురించి తామే అనుకుంటున్నారు. లెక్కల్లో, సైన్సులో ముందుండే చెల్లెళ్లు సైతం ఉత్తి భారతదేశ పటం చేతికివ్వగానే బెదిరిపోవడం మేము చూశాము. ఇందులో నిజమెంత, ఊరికే నోటికొచ్చి నలిగిన మాట ఎంత అని తెలుసుకోవాలనిపించింది. ఈ హాస్టల్లో చదువుకుని వెళ్లిన మేము కొందరం ఆదివారాలు వచ్చి తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పటాలు చెబుతూ వచ్చాము. ఆ అనుభవం కొంత, చదివి తెలుసుకున్నది కొంత కలిపి ఈ పాఠం రాస్తున్నాము.

ముందు మా అనుభవం చెబుతాము. ఒక ఆదివారం బాలుర హాస్టల్, బాలికల హాస్టల్ పిల్లలను ఒకచోట కూర్చోబెట్టి తలా ఒక తెల్లకాగితం ఇచ్చాము. "మీ ఊరి నుంచి అచ్చంపేట దాకా దారి గీయండి, పుస్తకం చూడకూడదు" అన్నాము. మగపిల్లల కాగితాల్లో దారులు చాలా దూరం పోయాయి. చామర్రు, కోనూరు, మాదిపాడు రేవు, క్రోసూరు రోడ్డు, ఒకడైతే కృష్ణ అవతల జగ్గయ్యపేట దాకా లాగాడు. కానీ మలుపులు కుడో ఎడమో చాలామంది తప్పు వేశారు. ఆడపిల్లల కాగితాల్లో దారి కొద్ది దూరమే ఉంది. ఇల్లు, బోరు, బడి, చర్చి, బస్సు ఆగే చోటు. ఆ కొద్ది దూరంలో మాత్రం వేపచెట్టుతో సహా ఏదీ వదల్లేదు.

అందరికంటే మంచి పటం గీసింది ఒక ఎనిమిదో తరగతి చెల్లెలు. డొంకలు, వాగు దాటే చోటు, ఏ చేను పక్కన ఏ చేను, ఎక్కడ మోటారు షెడ్డు అన్నీ పెట్టింది. దిక్కులు కూడా సరిగ్గా వేసింది. ఎలా తెలుసమ్మా అని అడిగితే, సెలవుల్లో వాళ్లమ్మతో మిరపకోతకు పోతానని చెప్పింది. కోతల కాలంలో ఇవాళ ఒక చేను, రేపు ఒక చేను. తెల్లవారుజామున చీకట్లో బయలుదేరాలి. దారి తెలియకపోతే ముఠా వెనకబడుతుంది. ఆ పిల్లకు పటం ఎవరూ నేర్పలేదు, కాళ్లే నేర్పాయి. ఈ ఒక్క కాగితం చూశాకే మాకు అసలు ప్రశ్న అర్థమైంది. ఆడపిల్లకు దారి తెలియదా, లేక ఆ దారిన ఆమెను వెళ్లనివ్వలేదా?

పటం చదవడమంటే ఒక్క పని కాదు

పటం చదవడం అని ఒక్క మాటలో అంటాము గాని అందులో కనీసం మూడు పనులున్నాయి. మొదటిది, కాగితం మీద ఉన్న బొమ్మను మనసులోనే తిప్పి చూడగలగడం. మనం దక్షిణానికి ముఖం పెట్టి నిలబడితే పటంలో కుడిపక్క ఉన్న ఊరు మనకు ఎడమచేతి వైపు వస్తుంది. ఇది మనసులో తిరగాలి. రెండోది, నడిచిన దారిని గుర్తుంచుకోవడం. మూడోది, గుర్తున్న ముక్కలన్నీ కలిపి ఇంతకుముందు నడవని అడ్డదారి ఊహించగలగడం. మూడూ ఒకే మనిషిలో సమానంగా ఉండాలని లేదు.

మొదటి దాన్ని కొలిచే పరీక్షను 1971లో రోజర్ షెపర్డ్, జాక్వెలిన్ మెట్జ్‌లర్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు చేశారు. చెక్కముక్కలు పేర్చినట్టుండే రెండు బొమ్మలు చూపి, రెండూ ఒకటేనా, తిప్పితే కలుస్తాయా అని అడుగుతారు. ఈ రకం పరీక్షల్లో సగటున మగవాళ్లకు ఎక్కువ మార్కులు రావడం చాలా దేశాల్లో పదేపదే కనబడింది. ఇది దాచిపెట్టవలసిన విషయం కాదు. అయితే సమయం మీద ఒత్తిడి తగ్గిస్తే ఆ తేడా కూడా తగ్గుతుందని తర్వాతి పరిశోధనలు చూపాయి. అంటే తేడాలో కొంత భాగం తెలియకపోవడం కాదు. మరోసారి సరిచూసుకుని గాని జవాబు పెట్టకపోవడం.

నడిచి దారి కనుక్కోవడం మీద జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి 2019లో ఒక పెద్ద లెక్క తీశారు. అందులోనూ సగటున మగవాళ్లు కొంచెం ముందున్నారు. ఆ 'కొంచెం' ఎంతో మనకు తెలిసే లెక్కలో చెబుతాము. ఒక మగవాడు, ఒక ఆడమనిషి చొప్పున 100 జతలను పోటీకి నిలబెడితే, సుమారు 60 జతల్లో మగవాడు, 40 జతల్లో ఆడమనిషి నెగ్గినట్టు. నూటికి నలభై అంటే తక్కువేమీ కాదు. ఎదురుగా ఉన్న అమ్మాయినో అబ్బాయినో చూసి, పుట్టుకను బట్టి ఈమెకు దారి తెలియదు, వీడికి తెలుసు అని చెప్పేవాడు చాలాసార్లు తప్పుతాడు.

అదే లెక్కలో ఇంకొక సంగతి తేలింది. పదమూడేళ్ల లోపు పిల్లల్లో తేడా ఇంకా తక్కువ. పెద్దయ్యేకొద్దీ పెరుగుతుంది. ఆ వయసులో శరీరంలో మార్పులు వస్తాయి, నిజమే. కాని మన ఊళ్లలో ఆ వయసులోనే మరొకటి కూడా జరుగుతుంది. అన్నయ్యకు సైకిలు కొనిపెడతారు, చెల్లెలికి "ఇక వీధుల్లో తిరగకు" అని చెబుతారు. ఈ రెండింటిలో దేని వాటా ఎంత అన్నది ఒక్క దేశంలో, ఒక్క రకం కుటుంబాల్లో చూస్తే తేలదు. అందుకే తర్వాత చెప్పబోయే పరిశోధన మాకు చాలా నచ్చింది.

మేఘాలయ కొండల్లో నాలుగు ముక్కల బొమ్మ

మన దేశంలోనే ఈశాన్యాన ఖాసీలు, కర్బీలు అనే రెండు తెగలున్నాయి. పక్కపక్కనే ఉంటారు, తిండి, పంటలు దగ్గర దగ్గరగా ఒకటే. కాని ఆచారం వేరు. కర్బీలలో ఆస్తి మగవాళ్లది. ఖాసీలలో తల్లి నుంచి కూతురికి, అందులోనూ చిన్న కూతురికి వస్తుంది. మగవాడు సంపాదించింది కూడా భార్యకో, అక్కకో ఇచ్చే పద్ధతి ఉంది. మోషే హాఫ్‌మన్, ఉరి నీజీ, జాన్ లిస్ట్ అనే ముగ్గురు పరిశోధకులు ఈ రెండు తెగల గ్రామాలకు వెళ్లి 1,279 మందికి నాలుగు చెక్కముక్కల బొమ్మ ఒకటి ఇచ్చారు. ముక్కలు కలిపితే ఒక గుర్రం వస్తుంది. ఎంత సేపట్లో కలుపుతారో చూశారు. ఫలితాన్ని 2011లో ప్రకటించారు.

కర్బీలలో మగవాళ్లు ఆడవాళ్లకంటే 36 శాతం తక్కువ సమయంలో బొమ్మ కలిపారు. ఖాసీలలో ఆడా మగా తేడా కనబడలేదు. కర్బీలలో మగవాళ్లు ఆడవాళ్లకంటే ఎక్కువేళ్లు చదువుకున్నారు. ఖాసీలలో అలా లేదు. తేడాలో కొంత భాగం ఈ చదువు వల్లనేనని వాళ్లు లెక్కగట్టారు. చెక్క బొమ్మ కలపడం, అడవిలో దారి పట్టడం ఒకటి కాదు అని ఎవరైనా అనవచ్చు. అనాలి కూడా. అయినా నెత్తురు, వాతావరణం, తిండి దగ్గరదగ్గరగా ఉన్నచోట ఆస్తి, చదువు మారితే తేడా మాయమైందంటే, "పుట్టుకతోనే రాదు" అనేవాళ్లు జవాబు చెప్పుకోవాల్సి ఉంటుంది.

ఇంకొక పెద్ద పరిశోధన సెల్‌ఫోను ఆట రూపంలో జరిగింది. 2016లో 'సీ హీరో క్వెస్ట్' అనే ఆటను లండన్ విశ్వవిద్యాలయ కళాశాల శాస్త్రజ్ఞుల సాయంతో విడుదల చేశారు. మతిమరుపు జబ్బు మీద పరిశోధన కోసం అది. ముందు పటం చూపుతారు, తర్వాత పటం తీసేసి పడవ నడపమంటారు. 57 దేశాల నుంచి అయిదున్నర లక్షల మందికి పైగా ఆడిన లెక్కలు చూసి 2018లో వ్యాసం రాశారు. మగవాళ్లు సగటున ముందున్నారు గాని ఆ తేడా అన్ని దేశాల్లో ఒకేలా లేదు. స్త్రీ పురుషుల మధ్య చదువు, ఉద్యోగం, అధికారంలో సమానత్వం ఎక్కువ ఉన్న దేశాల్లో తేడా తక్కువ, అసమానత్వం ఎక్కువున్న చోట ఎక్కువ.

ఇదే ఆట లెక్కల నుంచి 2022లో మరో విషయం బయటపెట్టారు. ఇది మన హాస్టల్ పిల్లలు ప్రత్యేకంగా వినాలి. పట్నంలో, ముఖ్యంగా గళ్లనోటు పుస్తకంలా వీధులన్నీ తిన్నగా ఉండే పట్నాల్లో పెరిగినవాళ్లకంటే, పల్లెల్లో పెరిగినవాళ్లు దారి కనుక్కోవడంలో మెరుగ్గా ఉన్నారట! వంకర డొంకలు, చేలగట్లు, వాగులు చూసి పెరిగిన బుర్ర వేరు. పల్లెటూరివాళ్లమని కుంగిపోయేవాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి.

నడవనివ్వని బజారు

దారి తెలియడానికి దారిన నడవాలి. ఇది చెప్పడానికి శాస్త్రజ్ఞులు అక్కర్లేదు. మన తాతముత్తాతల్లో చాలామందికి ఊళ్లో కొన్ని బజార్లలో చెప్పులు వేసుకుని నడిచే వీలు లేదు. కొన్ని బజార్లలో అసలు అడుగు పెట్టే వీలు లేదు. వాళ్లను పిలిచి "ఊరి పటం గీయి" అంటే ఆ బజారు ఖాళీగానే వదిలేసి ఉండేవాళ్లు. అది తెలివి లేక కాదు కదా! మనకు జరిగినప్పుడు అన్యాయమని గుర్తుపట్టే సంగతి, మన ఇంట్లో ఆడపిల్ల విషయంలో మామూలైపోయింది. బడి వదలగానే తమ్ముడు క్రికెట్‌కు చెరువుకట్ట దాకా పోతాడు. చీకటి పడితే కూడా "వస్తాడులే" అంటారు. అక్కకు బిందె, అంట్లు. తోడు లేకుండా కిరాణా కొట్టుకు కూడా పోవద్దు. పదేళ్లు ఇలా గడిచాక ఇద్దరి చేతికీ పటమిచ్చి "చూశావా, వాడికి వచ్చింది, నీకు రాలేదు" అంటాము.

ఆడపిల్లల భద్రత గురించి పెద్దవాళ్లకు భయం ఉండటం తప్పని మేము అనడం లేదు. ఆ భయానికి కారణాలున్నాయి. కాని దాని ఖరీదు ఎవరు కడుతున్నారో కూడా చూడాలి.

భయం పటం ముందు కూడా పనిచేస్తుంది. కెరోల్ లాటన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు 1994లో, కొత్త చోట దారి తప్పుతామేమోననే ఆందోళన ఆడవాళ్లలో ఎక్కువని చూపారు. 2009లో ఇటలీలో ఒక పరిశోధన జరిగింది. మొదట చెప్పిన బొమ్మలు తిప్పే పరీక్షకు ముందు కొందరు ఆడపిల్లలకు "ఇందులో ఆడవాళ్లే మెరుగు" అని చెప్పారు. వాళ్లకు మగపిల్లలతో సమానంగా మార్కులు వచ్చాయి. ఒక్క మాట! మన దగ్గర ఎనిమిదో తరగతి నుంచీ దానికి వ్యతిరేకమైన మాట వినిపిస్తున్నాము.

తిప్పి చూడటమే పద్ధతి

ఆడవాళ్లు పటాన్ని ఇటూ అటూ తిప్పుతారని నవ్వడం ఒక అలవాటు. అలన్ పీజ్, బార్బరా పీజ్ అనే దంపతులు 1990ల చివర రాసిన పుస్తకం ఒకటి ప్రపంచమంతా అమ్ముడుపోయింది. ఆడవాళ్లకు పటాలు చదవడం రాదన్న ముక్క దాని పేరులోనే ఉంది. తిప్పడం చేతకానితనం అన్నది అప్పటి నుంచీ మరింత పాకింది.

కాని ఎన్.సి.సి.లో చేరిన తమ్ముళ్లను అడగండి. మ్యాప్ రీడింగ్ తరగతిలో పటాన్ని 'సెట్' చేయడం నేర్పుతారు. పటాన్ని నేలమీద పరిచి, దాని ఉత్తరం అసలు ఉత్తరానికి కలిసేదాకా తిప్పుతారు. అప్పుడు పటంలో కుడిపక్క ఉన్నది నిజంగానే కుడిపక్క ఉంటుంది. మనసులో తిప్పే శ్రమ చేతికి ఇచ్చేస్తే తప్పు జరిగే అవకాశం తగ్గుతుంది. సైనికుడు తిప్పితే క్రమశిక్షణ, ఆడపిల్ల తిప్పితే తెలివితక్కువ! పరీక్ష హాలులో కూడా కాగితం తిప్పుకుని చూడటం నిషేధమేమీ కాదు. గంగ ఎటు పారుతోందో తిప్పి చూసుకుని, మళ్లీ నిలువుగా పెట్టుకుని గుర్తు పెట్టండి.

ఇంకొక ఎగతాళి, ఆడవాళ్లు దిక్కులు చెప్పరు, చెట్టూ పుట్టా చెబుతారని. కొండగుర్తులు పట్టుకుని నడవడం ఆడవాళ్లలో ఎక్కువని, దిక్కులు, దూరాలు పట్టుకోవడం మగవాళ్లలో ఎక్కువని లాటన్ పరిశోధనలోనూ ఉంది. అది ఆమె దేశపు సంగతి. మన దగ్గర ఎవరిని అడిగినా "రామాలయం దాటినాక ఎడమచేతి పక్కకు తిరుగు, రావిచెట్టు కాడికి పోయి అడుగు" అంటారు. ఆడా మగా భేదం లేదు. 'అక్కడికి పోయి అడుగు' అన్నది మనవాళ్లు దారి చెప్పడంలో చివరి వాక్యం. గూగుల్ కంపెనీ వాళ్లు కూడా భారతదేశంలో వీధి పేర్లతో దారి చెబితే జనం వెళ్లలేకపోతున్నారని గమనించి, 2009లో ఇక్కడి పటాల్లో గుడులు, పెట్రోలు బంకులు, కూడళ్లు కొండగుర్తులుగా చేర్చారు. మనల్ని చూసి యంత్రం నేర్చుకుంది.

దిక్కుల సంగతి కూడా మనకు కొత్త కాదు. పొలం దస్తావేజులో నాలుగు హద్దులు తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం అనే రాస్తారు. మన ఇళ్లలో అమ్మలు "పడమటి గోడకు ఉన్న చేట తే" అంటారు. కుడి ఎడమ అనరు. చెప్పినంతసేపూ దిక్కులతోనే మాట్లాడే అమ్మకు దిక్కులు రావని ఎలా అంటాము?

ముగ్గు సంగతి చెప్పకపోతే ఈ పాఠం పూర్తి కాదు. సంక్రాంతికి పదిహేను చుక్కల ముగ్గు పెట్టే చెల్లెలు, గీత ఎక్కడ మొదలై ఎన్ని చుక్కలు చుట్టి ఎక్కడ కలుస్తుందో చుక్క పెట్టకముందే మనసులో చూస్తుంది. పావు వంతు గీసి, దాన్నే నాలుగు వైపులా తిప్పి వేస్తుంది. మనసులో బొమ్మ తిప్పడం అంటే ఇదే కదా! మద్రాసులో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ అనే ముగ్గురు పండితులు 1974లో తమిళ ముగ్గుల మీద కంప్యూటరు శాస్త్రంలో ఏకంగా ఒక పరిశోధన వ్యాసమే రాశారు. ముగ్గు వేసే చేతికి పటం వచ్చి తీరుతుందని మేము రుజువు చేయలేము. కాని ఆదివారం క్లాసులో ఆ ముగ్గును మగపిల్లలకిచ్చి పూర్తి చేయమంటే గంటసేపు కుస్తీ పట్టారు. నేర్పని పని ఎవరికైనా కష్టమే.

నేర్చుకుంటే మెదడు మారుతుంది

మెదడులో దారిని గుర్తుపట్టే భాగం పేరు హిప్పోకాంపస్. సముద్రపు గుర్రం ఆకారంలో ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఫలానా చోటికి రాగానే మేలుకొనే కణాలు అక్కడ ఉన్నాయని 1971లో జాన్ ఓకీఫ్ కనుగొన్నారు. దాని పక్క భాగంలో, గళ్లు గీసినట్టు చోటును కొలిచే కణాలను 2005లో మే బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్ కనుగొన్నారు. ముగ్గురికీ 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. మెదడులోని పటాన్ని కనుగొన్నవారిలో ఒకరు ఆడమనిషి అని మన చెల్లెళ్లు గమనించాలి.

లండన్‌లో టాక్సీ నడపాలంటే ఇరవై అయిదు వేల వీధులు కంఠస్థం చేసి పరీక్ష రాయాలి. అలా నడిపే డ్రైవర్లలో హిప్పోకాంపస్ వెనుక భాగం పెద్దదిగా ఉందని ఎలినార్ మగ్వైర్ అనే శాస్త్రజ్ఞురాలు 2000లో చూపారు. పెద్దదిగా ఉన్నవాళ్లే డ్రైవర్లవుతారేమో అన్న అనుమానం రావచ్చు. దాన్ని తీర్చడానికి 79 మంది కొత్తవాళ్లను మొదటి నుంచీ గమనించి 2011లో ఫలితం చెప్పారు. పరీక్ష నెగ్గిన 39 మందిలోనే ఆ భాగం పెరిగింది. వీరంతా మగవాళ్లే కాబట్టి ఆడా మగా తేడా గురించి ఇది ఏమీ చెప్పదు. చదివితే పెరుగుతుందని మాత్రం చెబుతుంది. ఇటువంటి నేర్పుల మీద 217 పరిశోధనలను కలిపి 2013లో చూసినప్పుడు, సాధన చేస్తే ఆడవాళ్లూ మగవాళ్లూ ఇద్దరూ మెరుగుపడతారనీ, ఆ మెరుగు నిలుస్తుందనీ తేలింది.

సముద్రం మీద మన అమ్మాయిలు

సముద్రం అడుగు పటాన్ని మొదట గీసింది మేరీ థార్ప్ అనే అమెరికా స్త్రీ. ఆ రోజుల్లో పరిశోధన ఓడల్లోకి ఆడవాళ్లను ఎక్కనిచ్చేవారు కాదు. మగవాళ్లు ఓడల్లో తిరిగి లోతులు కొలిచి తెస్తే, ఆమె ఒడ్డున బల్ల దగ్గర కూర్చుని ఆ అంకెలన్నీ పటంగా గీసింది. అట్లాంటిక్ మధ్యలో పర్వతాల వరుస నడినెత్తిన ఒక చీలిక లోయ ఉందని 1950ల మొదట్లోనే గుర్తుపట్టింది. తోటి శాస్త్రజ్ఞుడు ముందు దాన్ని ఆడపిల్లల కబుర్లని కొట్టిపారేశాడు. తర్వాత భూకంపాలు వచ్చిన చోట్లన్నీ అదే గీత మీద పడేసరికి ఒప్పుకోక తప్పలేదు. ఖండాలు కదులుతాయని మనం బడిలో చదివే పాఠానికి ఆ గీత ఒక పెద్ద ఆధారం.

మన తెలుగు అమ్మాయిల సంగతికి వస్తాము. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి 'తారిణి' అనే తెరచాప పడవ బయలుదేరింది. అందులో ఆరుగురే, ఆరుగురూ భారత నౌకాదళ స్త్రీ అధికారులు. నాయకురాలు వర్తికా జోషి. మిగిలిన అయిదుగురిలో విశాఖపట్నానికి చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణ అమెరికా కొన దాటి, ఆఫ్రికా కొన చుట్టి 254 రోజుల తర్వాత 2018 మే 21న తిరిగి గోవా చేరారు. నడిసముద్రంలో వేపచెట్టు ఉండదు, పోయి అడగడానికి మనిషి ఉండడు. పటం, గాలి, దిక్కు, లెక్క. 2024 అక్టోబరులో అదే పడవలో ఇద్దరే ఇద్దరు స్త్రీ అధికారులు, దిల్నా, రూప, బయలుదేరి 2025 మే 29న ప్రపంచం చుట్టి వచ్చారు.

అంత దూరం ఎందుకు, మనకు ఎదురుగా కృష్ణ అవతల జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో 2020 డిసెంబరు 21న రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైంది. 2019లో గ్రామ సచివాలయాలకు సర్వేయర్లను తీసుకున్నప్పుడు ఐ.టి.ఐ. డ్రాఫ్ట్స్‌మన్ సివిల్, డిప్లొమా సివిల్ చదివినవారికి అవకాశం వచ్చింది. రాష్ట్ర ఉద్యోగాల్లో స్త్రీలకు మూడో వంతు కేటాయింపు ఉంది కాబట్టి ఎందరో అమ్మాయిలు సర్వేయర్లై పొలంగట్ల మీద నడిచారు. నక్షా చదవడం, హద్దురాయి వెతకడం వాళ్ల ఉద్యోగం. "మ్యాపు మార్కులు వదిలెయ్" అని పదో తరగతిలో చెప్పేవాళ్లు, ఆ పిల్లను ఏ ఉద్యోగం దాకా వదిలేయమంటున్నారో వాళ్లకే తెలియదు.

హాస్టల్ ఆవరణలో చేసి చూడండి

పాఠమన్నాక పని ఉండాలి. మూరెడు పొడవున్న తిన్నని కర్ర ఒకటి నేలలో నిటారుగా పాతండి. పొద్దున పది గంటలకు దాని నీడ చివర ఒక రాయి పెట్టండి. కర్రకు దారం కట్టి, ఆ రాయి దూరాన నేలమీద గుండ్రంగా గీత గీయండి. మధ్యాహ్నం నీడ పొట్టిదై మళ్లీ సాగుతుంది. సాయంత్రం వైపు నీడ కొస సరిగ్గా ఆ గుండ్రని గీతను తాకినప్పుడు రెండో రాయి పెట్టండి. మొదటి రాయి పడమర, రెండోది తూర్పు. ఇది మన శుల్బ సూత్రాల కాలం నుంచి ఉన్న పద్ధతి, దిక్సూచి కొనే డబ్బు అక్కర్లేదు.

ఒక హెచ్చరిక. మధ్యాహ్నం నీడ ఉత్తరానికే పడుతుందని నమ్మి దిక్కు చెప్పకండి. అచ్చంపేట భూమధ్యరేఖకు సుమారు పదహారున్నర డిగ్రీల ఉత్తరాన ఉంది. మే మొదటి వారం దాటినప్పటి నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. జూన్‌లో బడి తెరవగానే ఇది మీరే చూడవచ్చు.

ఇప్పుడు పడమర రాయి ఎడమచేతి వైపు, తూర్పు రాయి కుడిచేతి వైపు ఉండేలా నిలబడండి. మీ ముఖం ఉత్తరానికి ఉంది. ఎదురుగా పోతే కృష్ణ. వీపు వెనక క్రోసూరు, ఇంకా పోతే సత్తెనపల్లి. కుడిచేతి వైపు అమరావతి, ఎడమచేతి వైపు దూరంగా గురజాల, మాచర్ల. మండల పటాన్ని అక్కడే నేలమీద పరిచి, నాలుగూ కలిసేదాకా తిప్పండి. సర్వే ఆఫ్ ఇండియా వారి పటం దొరికితే అందులో 2 సెంటీమీటర్లు నేలమీద 1 కిలోమీటరు.

తర్వాత ఇద్దరిద్దరు జట్టుగా, ఒక తమ్ముడు ఒక చెల్లెలు కాకుండా ఇద్దరు చెల్లెళ్లే ఒక జట్టుగా, వార్డెన్ గారి అనుమతితో, పగటిపూట హాస్టల్ నుంచి బస్టాండుకు ఎప్పుడూ వెళ్లే దారిన వెళ్లి వేరే దారిన తిరిగి రండి. పటం ఆ చెల్లెళ్ల చేతిలోనే ఉండాలి. వచ్చాక రెండు దారులూ ఒకే కాగితం మీద గీసి, వచ్చే ఆదివారం మాకు చూపించండి.